కారు కడుపు చల్లగా!

పెట్రోలన్నీ ఒకటే అనుకునేవాళ్లు ఉన్నంతకాలం ఈ రాష్ట్రం బాగుపడదు!

కోపం తెచ్చుకోకండి. మీ సంగతే చూడండి. బంకులోకి వెళ్తారు, ఫోన్లోంచి తలెత్తకుండా "ఫుల్ చెయ్" అంటారు. వాడు ఏం పోశాడో చూడరు. ఎంత ఆక్టేనో అడగరు. మీ బండి నోరులేనిది కాబట్టి పోసింది తాగి ఊరుకుంటుంది. ఇదేనా మన సంస్కారం?

ఈ విషయంలో జిల్లా మొత్తానికీ కళ్లు తెరిపించగల మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు చైతన్యకృష్ణ. గుంటూరు దాటాక, మిరప చేల మధ్య ఉన్న ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల కొట్టు నడుపుతాడు. తండ్రి కాలంలో అది రేకుల కొట్టు. ఈయన చేతికి వచ్చాక అద్దాల తలుపులు వచ్చాయి, ఏసీ వచ్చింది, బోర్డు మీద 'ఆగ్రో సొల్యూషన్స్' అని ఇంగ్లీషు వచ్చింది. అప్పటిదాకా రైతులు మందు కొనుక్కుని పోయేవాళ్లు. ఇప్పుడు సొల్యూషన్ కొనుక్కుని పోతున్నారు.

పోయిన ఏడాది మిరపకి పురుగు బాగా పడింది. అందువల్ల కొట్టు బాగా నడిచింది. ఆయన ఒక కారు కొన్నాడు.

ఏం కారు! జర్మనీ కారు. పండు మిరపకాయ రంగు. టర్బో ఇంజను. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఎక్కేవాడు కూర్చుంటున్నట్టు కాదు, పక్క మీద వాలుతున్నట్టు కనిపిస్తాడు. డెలివరీ రోజున కొబ్బరికాయ కొట్టాక, పెట్రోలు మూత లోపలి వైపు ఒక చిన్న స్టిక్కరు ఉండటం ఆయన కంటబడింది. అధిక ఆక్టేన్ పెట్రోలు మాత్రమే వాడవలెను అని దాని సారాంశం. ఆయన దాన్ని తెల్లవారి లేచి చదువుకోవాల్సిన మంత్రంలా మనసులోకి తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఎవరు కనపడినా ఆయన చెప్పేది ఒకటే. మామూలు పెట్రోలు తొందర మనిషి. ఇంజను లోపల నొక్కుడు మొదలవగానే, నిప్పురవ్వ పడకముందే, తనంతట తాను భగ్గుమంటుంది. అప్పుడు టక్ టక్ మని చప్పుడొస్తుంది. దాన్ని నాకింగ్ అంటారు. అలా మోగీ మోగీ ఇంజను పాడవుతుంది. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు అలా కాదు, పెద్దమనిషి. ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. మండమన్నప్పుడే మండుతుంది.

యూరియా బస్తా కోసం వచ్చిన యలమందయ్య అనే రైతు ఇదంతా నిలబడి విని, "బాగానే ఉంది గానీ, బస్తా ఇస్తావా లేదా?" అన్నాడు. చూశారా! విజ్ఞానం చెబితే వినేవాళ్లు ఏరీ?

నూరు ఆక్టేన్ పెట్రోలు ఆ చుట్టుపక్కల ఒక్కచోటే దొరుకుతుంది. హైవే మీద, చిలకలూరిపేట వైపు, కొత్తగా కట్టిన బంకులో. ఊళ్లో బంకు ఉంది. ఊరు దాటితే ఇంకో బంకు ఉంది. చైతన్యకృష్ణ వాటి ముందు నుంచి వెళ్లేటప్పుడు కారు అద్దాలు పైకి ఎత్తుతాడు, ఆ వాసన లోపలికి రాకూడదని. హైవేకి వెళ్లి ట్యాంకు నింపుకుని ఇంటికొచ్చేసరికి అందులో చెప్పుకోదగ్గ భాగం ఖర్చయిపోతుంది. ఖర్చయింది కాబట్టి మళ్లీ వెళ్లాలి. అభివృద్ధి అంటే ఇది కాక మరేమిటి?

అంత మంచి పెట్రోలు తాగి కారు ఎంత వేగంగా వెళ్తుందని అడుగుతారేమో. వెళ్తుంది, పత్తి ట్రాక్టరు ఎంత వేగంగా వెళ్తే అంత వేగంగా. ఎందుకంటే సీజన్లో ఆ రోడ్డు మీద సగం ఎండబోసిన మిరపకాయలు, మిగతా సగం పత్తి ట్రాక్టర్లు. కొన్ని వందల గుర్రాల శక్తి పత్తి బోరాల వెనక తలొంచుకుని నడుస్తుంటే ఆ వినయం చూడటానికి రెండు కళ్లూ చాలవు!

ఇక స్పీడు బ్రేకర్లు. కారు అడుగు భాగం తగులుతుంది కాబట్టి, బరువు తగ్గించడానికి స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆయన భార్య శ్రీరమ్య దిగి నడవాలి. కారు దాటాక ఎక్కాలి. బడి ముందు ఒకటి, చర్చి ముందు ఒకటి, పాల కేంద్రం ముందు ఒకటి. ఆమె సన్నబడటం చూసి ఇరుగమ్మ "జిమ్ముకి పోతున్నావా?" అని అడిగితే, "లేదక్కా, మా ఆయన కారులో తిరుగుతున్నాను" అంది శ్రీరమ్య.

పొన్నూరులో ఆమె తమ్ముడి గృహప్రవేశానికి పిలుపు వచ్చింది. చైతన్యకృష్ణ ముందు ఆ దారిలో ఏ బంకులో ఏం దొరుకుతుందో ఫోను చేసి కనుక్కున్నాడు.

"అక్కడ దొరికేది తొంభై ఐదేనట. దారిలో అవసరమైతే నా కారు తట్టుకోలేదు. నువ్వు బస్సులో వెళ్లిరా."

"మొన్న నాకు జ్వరమొస్తే ఏ మాత్ర తెచ్చిచ్చారో గుర్తుందా?" అంది శ్రీరమ్య.

"ఏదో తెచ్చాను. పక్క కొట్లో ఏది ఉంటే అది."

"అది నేను తట్టుకున్నాను కదా!" అని ఆమె సంచీ తీసుకుని బస్టాండుకి వెళ్లిపోయింది. ఆయన దీన్ని పొగడ్త అనుకున్నాడు.

బంకులో కూడా ఆయనది ఒక నిష్ఠ. పోయించుకునే ముందు సాంద్రత చూపించమంటాడు. తెల్లటి వడపోత కాగితం తెప్పించి, దాని మీద ఒక చుక్క వేయించి, ఆరిపోయాక కల్తీ మరక ఏమైనా మిగిలిందేమోనని ఎండకేసి పట్టి చూస్తాడు. వెనక లారీలు హారన్లు కొట్టినా కదలడు. "నా ఇంజను లోపలికి పోయేది ఏంటో తెలుసుకునే హక్కు నాకుంది" అంటాడు. ఎంత గొప్ప మాట! వినియోగదారుడు ఇలా ఉండాలి!

ఇలాంటి మనిషి కొట్టుకి ఒక మధ్యాహ్నం ఎలీసమ్మ వచ్చింది.

ఎలీసమ్మ, ఆమె భర్త ఇమ్మానియేలు పక్క ఊళ్లో పొలం కౌలుకి తీసుకుని మిరప వేశారు. చేను నిండా పూత మీద ఉండగా నల్ల తామర పురుగు తగిలింది. ఆమె కొంగుముడి విప్పి, తెచ్చిన పూలు ఆయన గాజు బల్ల మీద దులిపింది. నల్ల నలుసులు అటూ ఇటూ పాకాయి.

"చూడు బాబూ, ఎట్టా పాకుతున్నాయో. చేనంతా ఇదే. ఏం కొట్టమంటావో చెప్పు."

ఆ సమయంలో చైతన్యకృష్ణ ఫోన్లో ఒక వీడియో చూస్తున్నాడు. రెండు గాజు గ్లాసుల్లో రెండు రకాల పెట్రోలు పోసి ఎవరో తేడా చూపిస్తున్నారు. మంచి ఘట్టంలో ఉంది. ఆయన కళ్లు తిప్పకుండానే వెనక అరలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. సీసా మీద సింహం బొమ్మ ఉంది. తయారుచేసిన కంపెనీ పేరు అంతకుముందు ఆయన కూడా వినలేదు. కానీ ఆ సీసాలు ఎక్కువగా అమ్మిన డీలర్లని బ్యాంకాక్ తీసుకెళ్తామని కంపెనీ మనిషి చెప్పి వెళ్లాడు.

"బయో మందు. కొత్తగా వచ్చింది. కొట్టు, సాయంత్రానికి పురుగు ఉండదు."

"మంచిదేనా బాబూ? ఈ ఏడు మేమిద్దరం పెట్టిందంతా ఆ చేలోనే ఉంది."

"మంచిది కాకపోతే నేనిస్తానా ఎలీసమ్మా?"

ఆ సీసాలోది వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి చూడలేదేం అని మీరడుగుతారు. తప్పు, అడక్కూడదు. అది చేలోకి పోయేది. చేనుకి టర్బో ఉండదు.

మందు కొట్టారు. పురుగు నిక్షేపంగా ఉంది. పూత రాలింది, ఆకు ముడుచుకుంది. ఎలీసమ్మ ఒక మొక్క పీక్కుని కొట్టుకి తెచ్చింది. వేళ్లకి మట్టి ఇంకా తడిగానే ఉంది.

"మందు మంచిదే" అన్నాడు చైతన్యకృష్ణ. "వాతావరణం బాగాలేదు. నువ్వు ఎండలో కొట్టుంటావు. నీళ్లు సరిపోయి ఉండవు. మీ పక్క చేనాయన ఇదే కొట్టాడు, ఆయనకి బ్రహ్మాండంగా పనిచేసింది. సరే, సీసా ఉందా?"

"ఉంది బాబూ." ఆమె సంచిలోంచి తీసి పెట్టింది.

ఆయన సీసాని అటూ ఇటూ తిప్పాడు. "మూత ఏది?"

మూత లేదు. మూత లేని సీసా గురించి కంపెనీ వాళ్లతో ఏం మాట్లాడతాం? పద్ధతి అంటూ ఉంటుంది కదా! ఎలీసమ్మ గాజు బల్ల మీద రాలిన మట్టిని తన చేత్తోనే తుడిచి, మొక్కనీ సీసానీ తీసుకుని వెళ్లిపోయింది. ఇమ్మానియేలు చీమకుర్తి గ్రానైట్ క్వారీలకి పనికి వెళ్లాడు. ఆ చేలో బతికిన మొక్కల కాపు ఆమె ఒక్కతే కోసుకుంది.

ఇక్కడ మన కథానాయకుడికి ఒక శుభవార్త వచ్చింది. గుంటూరు, విజయవాడల్లో ఇలాంటి కార్లున్న వాళ్లంతా ఆదివారం పొద్దున్నే కలిసి సూర్యలంక బీచికి వెళ్తున్నారట. ఈయన్నీ రమ్మన్నారు. అంత పెద్దవాళ్ల మధ్య తన కారు! ఆయన శనివారం హైవే బంకుకి వెళ్లాడు. కార్ల గుంపు నాయకుడు ఫోన్లో ఉండటంతో, ఎన్నడూ లేనిది ఆ ఒక్కసారి కాగితం పరీక్ష మానేసి, చెయ్యూపి ట్యాంకు నింపించుకున్నాడు.

ఆదివారం గుంటూరులో బయల్దేరినప్పుడు బాగానే ఉంది. పొన్నూరు దాటి రోడ్డు ఖాళీగా కనిపించగానే ముందున్న కార్లు దూసుకుపోయాయి. చైతన్యకృష్ణ కూడా తన జీవితాశయం నెరవేరే క్షణం వచ్చిందని గట్టిగా తొక్కాడు.

టక్. టక్. టక్ టక్ టక్.

ఆ చప్పుడు ఆయన అంతకుముందు వీడియోల్లోనే విన్నాడు. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. కారు రెండు కుదుపులు కుదిపి, పొగ వదిలి, వరిపొలాల పక్కన ఆగిపోయింది. మిగతా కార్లు బీచికి చేరి ఫొటోలు దిగి గ్రూపులో పెడుతుంటే, ఈయన గడ్డి ట్రాక్టరుకి తాడు కట్టించుకుని పొన్నూరు తిరిగొచ్చాడు. బావమరిది కొత్త ఇంటి ముందే ఆపాల్సి వచ్చింది. గృహప్రవేశానికి రానందుకు వాళ్లు ఒక్క మాటా అనలేదు. కాఫీ ఇచ్చారు. అదే ఎక్కువ బాధగా ఉంది ఆయనకి.

కారుని విజయవాడ వర్క్‌షాపుకి పంపారు. అక్కడి మెకానిక్ బెన్నీ ట్యాంకులోంచి కాస్త పెట్రోలు సీసాలోకి తీసి, వాసన చూసి మొహం చిట్లించాడు.

"సార్, మీరు చెప్పిన పెట్రోలు కాదిది. ఇందులో ఏదో కలిపారు. ఇంజను విప్పాలి."

చైతన్యకృష్ణ అక్కడే ఒక టైరు మీద కూలబడ్డాడు. విప్పిన భాగాలు ఒక్కొక్కటే గుడ్డ మీద పేరుస్తుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవడో తెలిసి తెలిసి చేశాడు! నవ్వుతూ పోశాడు! తను నమ్మి నిలబడితే పోశాడు!

మర్నాడు ఆయన ఆ సీసా పట్టుకుని, యలమందయ్య ట్రాలీ ఆటోలో ముందు సీట్లో కూర్చుని హైవే బంకుకి వెళ్లాడు. కారు లేదు కదా మరి. మిర్చి యార్డుకి పోయే బళ్లు డీజిలు కోసం వరసలో నిలబడి ఉన్నాయి. ఆయన దిగీ దిగగానే గొంతు పెంచాడు. మేనేజరు శ్యామ్ సుందర్ ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని బయటికొచ్చాడు.

"పెట్రోలు మంచిదే సార్" అన్నాడు శ్యామ్ సుందర్ ఎంతో మర్యాదగా. "వాతావరణమే బాగాలేదు. గాలిలో తేమ ఎక్కువుంది. కారుని ఎండలో నిలబెట్టి ఉంటారు. మీరు తొక్కిన పద్ధతిలో కూడా తేడా ఉండి ఉంటుంది. మీ వెనకాలే పోయించుకున్నాయన హైదరాబాద్ దాకా సుబ్బరంగా వెళ్లాడు సార్. పోసేటప్పుడే కాగితం మీద చూసుకోవాలి గానీ, అంతా కాలిపోయాక వచ్చి అడిగితే ఎలా?"

"సీసా తెచ్చాను, చూడు!"

"ఆ సీసాకి సీలు లేదు కదా సార్."

వరసలో ఒక ఆటో మీద, మిరప బస్తాల పైన కూర్చున్న ఆడమనిషి పకపకా నవ్వింది. ఎలీసమ్మ. ఆ బస్తాల్లో ఉన్నవి తాలు కాయలు, రంగు పోయి తెల్లబారినవి. యార్డులో వాటిని చూసి కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారు.

"శ్యామ్ సుందర్ గారూ, మీరు కూడా పురుగుమందుల కొట్టు పెట్టారా ఏంటండీ?" అంది.

వరసంతా గొల్లుమంది. చైతన్యకృష్ణకి ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. తన పక్షాన నవ్వుతున్నారనుకున్నాడు.

"చూశావా ఎలీసమ్మా! మీరంతా రైతులు, మోసపోవడమంటే ఏంటో మీకు తెలుసు. వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. నువ్వు సాక్ష్యం చెప్తావా?"

ఎలీసమ్మ బస్తాల మీంచి దిగి వచ్చింది. నవ్వు ఆపేసింది.

"ఎందుకు చెప్పను బాబూ? నమ్మి పోయించుకున్నోళ్ల కడుపుమంట నాకు తెలీదా? పద, ఇద్దరం కలిసే పోదాం. నీ సీసా నువ్వు పట్టుకురా, నా సీసా నేను తెస్తా. ముందు నీది చెప్పుకుందాం, నేను సాక్ష్యం. ఆ తరవాత నాది చెప్పుకుందాం. నాకు నువ్వే సాక్ష్యం."

అప్పుడు అర్థమైంది ఆయనకి.

ఆటో మీది బస్తా ఒకటి చినిగి, తెల్లటి కాయలు రెండు మూడు కింద పడి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తూ నిలబడ్డాడు. నోటిదాకా ఒక మాట వచ్చింది. ఆ మాట ఏదో అనేసి ఉంటే ఈ కథ ఇంతటితో మంచిగా ముగిసేది, నాకూ కాగితం మిగిలేది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. సింహం బొమ్మ కంపెనీ మనిషి. "సార్, బ్యాంకాక్ టికెట్లు బుక్ చేస్తున్నాం. పాస్‌పోర్టు కాపీ పంపండి."

చైతన్యకృష్ణ ఫోను పెట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా శ్యామ్ సుందర్ వైపు తిరిగాడు.

"తేమ ఎక్కువగానే ఉందిలెండి ఈ మధ్య" అన్నాడు.

కోర్టు ప్రయత్నం అక్కడితో ఆగింది. త్యాగమంటే ఇదీ! తోటి వ్యాపారి పరువు కోసం సొంత ఇంజనుని బలిపెట్టుకున్నాడు! మనలో ఎంతమంది చేస్తాం చెప్పండి?

కారు బాగై వచ్చింది. బ్యాంకాక్ నుంచి ఆయన కూడా వచ్చాడు, ఒక కొత్త ఆలోచనతో. సింహం మందు పేరు పాడైంది కాబట్టి, అదే కంపెనీ కొత్త సీసా తెచ్చింది. పేరు 'ఆక్టేన్ గోల్డ్'. ఆ పేరు పెట్టమని సలహా ఇచ్చింది మన చైతన్యకృష్ణే. కొట్టు ముందు షామియానా వేసి, రైతులందరినీ పిలిచి, టిఫిన్లు పెట్టి, ఎర్ర కారుని పూలదండతో పక్కన నిలబెట్టి మైకు అందుకున్నాడు.

"రైతు సోదరులారా! మొక్క కూడా ఇంజను లాంటిదే. మంచి ఇంధనం పడితే దూసుకుపోతుంది. ఇంతకాలం మీరు మీ చేలకి మామూలు మందులు పోశారు. ఇది ప్రీమియం! నా కారుకి నేను ఎంత మంచిది పోస్తానో, మీ చేనుకి అంత మంచిది ఇది!"

చప్పట్లు పడ్డాయి. ఉప్మా బాగుంది మరి.

ముందు వరసలోంచి ఎలీసమ్మ లేచింది. బల్ల మీదున్న సీసాల్లో ఒకటి తీసుకుని, మూత తిప్పి, తిన్నగా కారు దగ్గరికి వెళ్లింది.

"మాకు చదువులు లేవు బాబూ, చూస్తేనే అర్థమవుద్ది. మొక్కా ఇంజనూ ఒకటే అన్నావుగా. ఆ పెట్రోలు మూత తియ్యి. ఇందులోంచి కాస్త పొయ్యి. కారు కదిలిందంటే ఇక్కడున్నోళ్లం అందరం కొనుక్కుపోతాం. ఏం యలమందయ్య గారూ?"

"కొంటాం, కొంటాం!" అన్నాడు యలమందయ్య, ఇంకో ఇడ్లీ తీసుకుంటూ.

చైతన్యకృష్ణ మైకు కింద పడేసి పరుగెత్తాడు. అంత వేగం ఆ కారు కూడా ఎన్నడూ చూపించలేదు. పెట్రోలు మూత మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది! కారులో ఏది పడితే అది పోస్తారా? ఇంజను పోదూ?"

కింద పడ్డ మైకు ఆపలేదెవరూ. ఆ మాట బజారంతా వినపడింది.

ఎవరూ నవ్వలేదు. ఎలీసమ్మ సీసా మూత బిగించి, దాన్ని బల్ల మీద పెట్టలేదు. సంచిలో వేసుకుంది. "ఈసారి మూతతో సహా పట్టుకుపోతున్నా" అని, వ్యవసాయాఫీసు ఉన్న వైపు నడిచింది. యలమందయ్య ప్లేటు కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, ఇంకో సీసా తీసుకుని ఆమె వెనక వెళ్లాడు. తరవాత ఒక్కొక్కరుగా కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి.

చైతన్యకృష్ణ మాత్రం ఆ మూత మీంచి చేతులు తియ్యలేదు. శ్రీరమ్య వచ్చి, "అందరూ వెళ్లిపోయారండీ, ఇక తియ్యండి" అన్నా తియ్యలేదు.

పాఠకులు ఆందోళన పడవలసిన అవసరం లేదు. కారు క్షేమం.